పోటీ పరీక్షల పుస్తకాల్లో తిరిగే పది అంకెల సంఖ్య: 2³² + 1 లోపల ఏముంది?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల ఏ నీడన చూసినా ఎవరో ఒకరు ఒళ్లో అట్ట పెట్టుకుని లెక్కలు చేస్తూ కనిపిస్తారు. గ్రూప్స్ కావచ్చు, బ్యాంకు కావచ్చు, రైల్వే కావచ్చు, అంకగణితం మాత్రం అందరికీ తప్పదు. వాళ్ల చేతుల్లోని పుస్తకాల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ప్రశ్న ఒకటుంది: "2³² + 1ని ఒక పూర్ణాంకం నిశ్శేషంగా భాగిస్తుంది. అదే పూర్ణాంకం కింది వాటిలో దేనిని కూడా నిశ్శేషంగా భాగిస్తుంది?" ఇచ్చే నాలుగు సమాధానాలు 2¹⁶ + 1, 2¹⁶ − 1, 7 × 2²³, 2⁹⁶ + 1.

అశోక్‌నగర్‌లో అంకగణితం చెబుతూ ఈ ప్రశ్నను ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్క లేదు. సమాధానం నాలుగోది. అర నిమిషంలో తేలిపోతుంది, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. ఈ మధ్య ఒక అమ్మాయి మాత్రం క్లాసు అయిపోయాక నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. "సార్, ఆ పూర్ణాంకం ఏదో మీరు చెప్పలేదు" అంది. పేజీ నిండా భాగహారాలు. సంఖ్య చివర 7 ఉంది కాబట్టి 2, 5 భాగించవని ముందే వదిలేసింది. 3, 7, 11, 13 అంటూ 97 దాకా ఉన్న మిగిలిన 23 ప్రధాన సంఖ్యలతోనూ ఓపికగా భాగించింది. ఎక్కడా శేషం సున్నా రాలేదు. "ఇది ప్రధాన సంఖ్యేనా?" అని అడిగింది.

ఈ సందేహం ఆమె ఒక్కదానిది కాదు, దానికి దాదాపు నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. పైగా అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ సంఖ్య ప్రధానమా కాదా? కాకపోతే దాని కారణాంకాలు ఏవి? అంకెలను చూసి దీని గురించి ఎంత చెప్పగలం? ఒకదానికి జవాబు దొరికితే మిగతావీ దొరికినట్టేనని చాలామంది అనుకుంటారు. అలా కాదని ఈ ఒక్క సంఖ్యే చూపించగలదు.

ప్రధానం, సంయుక్తం: 1591తో మొదలుపెడదాం

ఒకటి, తాను తప్ప వేరే భాజకం లేని సంఖ్య ప్రధాన సంఖ్య. 7, 13, 641 అలాంటివి. ఒకటి కన్నా పెద్దదై, ప్రధానం కానిది సంయుక్త సంఖ్య. నిర్వచనం ఇంతే. చిక్కంతా సంఖ్య పెద్దదైనప్పుడు వస్తుంది.

హైదరాబాద్ నగరానికి పునాది పడిన సంవత్సరం 1591. ఇది ప్రధానమా? అన్ని సంఖ్యలతోనూ భాగించి చూడనక్కర్లేదు. రెండు సంఖ్యల లబ్ధం 1591 అయితే వాటిలో ఒకటి తప్పనిసరిగా దాని వర్గమూలానికి లోపలే ఉండాలి. 40 × 40 = 1600 కాబట్టి 39 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు చాలు. 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37: మొత్తం పన్నెండు. మొదటి పదకొండింటితో భాగం పోదు. విసిగి వదిలేసేవాళ్లు ప్రధానమని రాసేసేది ఇక్కడే. పన్నెండోది 37. దానితో సరిగ్గా పోతుంది: 37 × 43 = 1591.

దగ్గరి దారి కూడా ఉంది. 1591 అంటే 1600 − 9, అంటే 40² − 3². రెండు వర్గాల భేదాన్ని (40 − 3)(40 + 3) అని రాయవచ్చు. అవే 37, 43. ఒకే సంఖ్యకు ఒక దారిలో పన్నెండు భాగహారాలు, ఇంకో దారిలో ఒక చూపు. పెద్ద సంఖ్యలతో పనిచేసేవాళ్లు ఎప్పుడూ వెతికేది ఆ రెండో దారినే.

429 కోట్ల సంఖ్యను దగ్గరగా చూస్తే

2³² అంటే రెండును ముప్పై రెండుసార్లు వేసి గుణించడం. దానికి ఒకటి కలిపితే 429,49,67,297. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. పది అంకెలు ఉన్నాయి కాబట్టి ఫోన్ నంబరులా కనిపిస్తుంది. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కనుక ఇది ఎవరి నంబరూ కాదు.

దీని వర్గమూలం 65,536 కన్నా రవ్వంత ఎక్కువ. అక్కడి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 6,542. ఒక్కో భాగహారానికి రెండు నిమిషాలు అనుకుంటే 218 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే ఇరవై ఏడు రోజులు దాటుతుంది. ఆ అమ్మాయి చేసినది అందులో మొదటి పేజీ.

చిన్న భాజకాలను మాత్రం అంకెలతోనే తేల్చవచ్చు. అంకెలన్నీ కూడితే 59 వస్తుంది. 59ని 9తో భాగిస్తే శేషం 5, కాబట్టి మన సంఖ్యకు కూడా 9తో శేషం 5. అందువల్ల 3 కూడా భాజకం కాదు. 7, 11, 13లకు కలిపి ఒకే లెక్క సరిపోతుంది, ఎందుకంటే 7 × 11 × 13 = 1001. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి ఒకటి కూడుతూ ఒకటి తీసివేస్తూ పోవాలి: 297 − 967 + 294 − 4 = −380. దానికి 1001 కలిపితే 621. ఇప్పుడు 621ని 7తో భాగిస్తే శేషం 5, 11తో 5, 13తో 10. మూడు భాగహారాలు ఒక్క వరుసలో ముగిశాయి.

అంకెల వేషం, సంఖ్య స్వభావం

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే గందరగోళం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. "అంకెల మొత్తం 59" అనేది ఈ సంఖ్య గుణమా? మనం పదేసి చొప్పున లెక్కపెడతాం కాబట్టే 59 వచ్చింది. కంప్యూటర్ లాగా రెండేసి చొప్పున రాస్తే ఇదే సంఖ్య ఒక ఒకటి, ముప్పై ఒక్క సున్నాలు, మళ్లీ ఒక ఒకటి. అంకెల మొత్తం 2. ఎటు నుంచి చదివినా ఒకటే. మన రాతలో ఎక్కడా కనిపించని పొందిక ఆ రాతలో చూడగానే తెలుస్తుంది. 32 గళ్ల పెట్టెలో ఒక్కో గడికి సున్నా లేదా ఒకటి చొప్పున నింపితే పట్టే అతి పెద్ద సంఖ్య 429,49,67,295. మనది దానికన్నా రెండు ఎక్కువ. అంత పెట్టెలో బలవంతంగా కుదిస్తే ముందున్న ఒకటి బయటపడి, లోపల మిగిలేది 1.

భాజకాలు మాత్రం వేషంతో మారవు. పదుల్లో రాసినా, రెండ్లలో రాసినా, చింతగింజలు పోసినా, 429 కోట్ల చిల్లర గింజలను ఏడు సమాన కుప్పలు చేయడం కుదరదు. అది సంఖ్య స్వభావం.

అయితే వేషానికి సంబంధించిన గుణాలకు విలువ లేదా? ఇందులో రెండు పక్షాలు ఉన్నాయి. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించుకున్న హార్డీ ఇలాంటి వాటిని గణితంగా లెక్కించలేదు. నాలుగంకెల సంఖ్యల్లో తిప్పి రాసిన సంఖ్యకు గుణిజాలుగా ఉండేవి 8712, 9801 మాత్రమే అనే విషయాన్ని ఉదాహరణగా తీసుకుని, పత్రికల్లో పొడుపు ప్రశ్నలకు పనికొస్తుంది గానీ గణిత శాస్త్రవేత్తను కదిలించేది ఇందులో లేదన్నాడు. రెండో పక్షాన మహారాష్ట్రలోని దేవ్‌లాలీ బడిపంతులు కాప్రేకర్ ఉన్నాడు. జీవితమంతా అంకెల పొందికలే వెతికాడు. అన్నీ ఒకే అంకె కాని నాలుగంకెల సంఖ్యను తీసుకుని, అంకెలను పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి, తీసివేస్తూ పోతే చివరికి 6174 దగ్గరే ఆగుతుందని చూపినది ఆయనే. మన 1591నే తీసుకోండి: 9511 − 1159 = 8352; 8532 − 2358 = 6174. రెండే అడుగులు.

నా మట్టుకు నాకు హార్డీ గీసిన గీత సరైనదే, అయినా కాప్రేకర్ వైపున్న ఆనందం నిజమైనదే అనిపిస్తుంది. పిల్లలు గణితంలోకి అడుగుపెట్టేది చాలాసార్లు ఆ గుమ్మంలోంచే. ఏ గుణం దేనిదో తెలిసి ఉంటే చాలు.

ఫెర్మా నమ్మకం, ఆయిలర్ భాగహారం

2¹ + 1 = 3. 2² + 1 = 5. 2⁴ + 1 = 17. 2⁸ + 1 = 257. 2¹⁶ + 1 = 65537. ఘాతాంకం ప్రతిసారీ రెట్టింపు అవుతోంది, వచ్చిన ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మన 2³² + 1. ఈ వరుసలోవన్నీ ప్రధానాలేనన్న నమ్మకాన్ని ఫ్రాన్సుకు చెందిన ఫెర్మా 1640లో ఉత్తరాల్లో రాశాడు, ఋజువు తన దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాడు. 1729లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఈ సంగతి మరో గణితజ్ఞుడు ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఆయిలర్ బయటపెట్టిన సమాధానం ఒక్క భాజకం: 641.

641 × 67,00,417 = 429,49,67,297. కాగితం మీద గుణించి చూడండి, రెండు నిమిషాల పని.

ప్రధాన సంఖ్యల వరుసలో 641 స్థానం 116. నోటుబుక్కు అమ్మాయి 97 దగ్గర ఆపకుండా అదే వేగంతో సాగి ఉంటే నాలుగు గంటల లోపే దొరికేది. ఆయిలర్ అలా గుడ్డిగా వెతకలేదు. ఆ తర్వాతి కాలంలో ఆయన వివరించిన పద్ధతి ఇది.

ఒక ప్రధాన సంఖ్యను పట్టుకుని, రెండు ఘాతాలను దానితో భాగిస్తూ శేషాలు రాస్తే అవి చక్రంలా తిరుగుతాయి. 17తో చూద్దాం: 2, 4, 8, 16, 15, 13, 9, 1, మళ్లీ 2. చక్రం పొడవు 8. ఆ పొడవు ఎప్పుడూ ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువైన దాన్ని, ఇక్కడ 16ని, భాగిస్తుంది. ఇది ఫెర్మా చెప్పిన సూత్రం నుంచే వస్తుంది. ఇప్పుడు ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తోందనుకుందాం. అప్పుడు 2³²కు శేషం −1 (ఒకటి కలిపితే సరిగ్గా భాగం పోతుందని అర్థం), దాని వర్గం 2⁶⁴కు శేషం 1. 64ను భాగిస్తూ 32ను భాగించని పొడవు 64 ఒక్కటే, అంటే చక్రం పొడవు సరిగ్గా 64. కాబట్టి ఆ ప్రధాన సంఖ్య 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ అయి తీరాలి.

ఈ ఒక్క షరతుతో 6,542 మంది అభ్యర్థుల్లో దాదాపు అందరూ తప్పుకుంటారు. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధానమైనవి 193, 257, 449, 577, 641. ఐదో భాగహారంలోనే పని అయిపోతుంది.

ఆ ఐదో భాగహారం కూడా చేయకుండా తప్పించుకోవచ్చు. 641ని రెండు విధాలుగా చూడండి: 641 = 5 × 2⁷ + 1; 641 = 5⁴ + 2⁴. మొదటి దాని ప్రకారం 5 × 2⁷కు 641తో శేషం −1. నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండో దాని ప్రకారం 5⁴కు శేషం −2⁴. దాన్ని ఇక్కడ పెడితే −2⁴ × 2²⁸, అంటే −2³²కు శేషం 1. అప్పుడు 2³²కు శేషం −1, దానికి ఒకటి కలిపితే సున్నా. పది అంకెల సంఖ్యను ఎక్కడా పూర్తిగా రాయకుండానే భాగం పోయింది.

మరి ఫెర్మా ఎందుకు పొరబడ్డాడు? భాజకాల రూపాన్ని ముందే పసిగట్టే ఈ పద్ధతి ఆయనకు తెలియనిది కాదు. 2³⁷ − 1ని 223 భాగిస్తుందని అదే ఏడాది అలాంటి ఆలోచనతోనే కనుక్కున్నాడు. ఈ సంఖ్య మీద కూడా ప్రయత్నించి ఎక్కడో కూడికలోనో తీసివేతలోనో జారిపడి ఉంటాడని కొందరి అంచనా. ఐదు ఉదాహరణలు వరుసగా కుదిరేసరికి ఆరోదాన్ని గట్టిగా పరీక్షించలేదని మరికొందరు అంటారు. మొదటి మాటే నాకు నమ్మదగినదిగా తోస్తుంది, ఎందుకంటే ఆ చేయి లెక్కలకు వెనుకాడే చేయి కాదు.

67,00,417 కూడా ప్రధానమే. దాని వర్గమూలం సుమారు 2,588. ఆయిలర్ షరతును లూకా అనే గణితజ్ఞుడు 19వ శతాబ్దంలో మరింత బిగించి, 64 బదులు 128 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ కావాలన్నాడు. 2,588 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. ఐదింటితోనూ భాగిస్తే శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. సున్నా లేదు. అంటే మన సంఖ్యకు మొత్తం భాజకాలు నాలుగే: 1, 641, 67,00,417, తాను. ఆ నాలుగూ కూడితే 430,16,68,356.

రెండు వర్గాల మొత్తంగా, రెండు రకాలుగా

ఈ సంఖ్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది.

2³² అంటే 65,536 వర్గం. కాబట్టి మన సంఖ్య 65,536² + 1². ఇది అందరికీ కనిపిస్తుంది. కానీ ఇంకొక జంట కూడా ఉంది: 62,264² + 20,449². మొదటిది 387,68,05,696. రెండోది 41,81,61,601. కూడితే సరిగ్గా మన సంఖ్యే. 20,449 మళ్లీ 143 వర్గం కావడం అదనపు అందం.

1729 గురించి మనందరికీ తెలుసు: 1³ + 12³, 9³ + 10³ అని రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగే అతి చిన్న సంఖ్య. గోల్డ్‌బాక్ ఉత్తరం రాసిన సంవత్సరం అదే సంఖ్య కావడం యాదృచ్ఛికం. కానీ మన సంఖ్య రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా కనబడటం యాదృచ్ఛికం కాదు. బేసి ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే అది ఒక్క విధంగానే కుదురుతుంది. రెండో విధం దొరికిందంటే సంఖ్య సంయుక్తమని రుజువైనట్టే.

ఆ రెండో జంట ఎక్కడి నుంచి వచ్చింది? రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది:

(క² + ఖ²)(గ² + ఘ²) = (కగ + ఖఘ)² + (కఘ − ఖగ)²

రెండు వర్గాలకు సంబంధించినంత వరకు ఇది ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు డయోఫాంటస్ కాలం నుంచీ తెలిసినదే. దీన్ని ఇంకా విస్తృత రూపంలోకి తెచ్చినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. ఇప్పుడు 641 = 25² + 4², 67,00,417 = 2556² + 409². సూత్రంలో వేస్తే మొదటి భాగం 25 × 2556 + 4 × 409 = 65,536; రెండో భాగం 25 × 409 − 4 × 2556 = 10,225 − 10,224 = 1. కూడే చోట తీసివేసి, తీసివేసే చోట కూడితే 62,264, 20,449. రెండు జంటలూ ఒకే తల్లి బిడ్డలు.

వెనక్కి కూడా నడవవచ్చు. 641 తెలియదని, రెండు జంటలు మాత్రమే చేతిలో ఉన్నాయని అనుకోండి. పెద్దవాటి భేదం 65,536 − 62,264 = 3,272; చిన్నవాటి భేదం 20,449 − 1 = 20,448. ఈ రెండింటి గరిష్ఠ సామాన్య భాజకం 8. అలాగే మొత్తాలు 1,27,800, 20,450. వీటి గరిష్ఠ సామాన్య భాజకం 50. రెండింటినీ సగం చేయండి: 4, 25. వాటి వర్గాలు కూడండి: 16 + 625 = 641. ఈ వరుస బోర్డు మీద రాసిన ప్రతిసారీ క్లాసులో ఒక్క క్షణం నిశ్శబ్దం ఆవరిస్తుంది.

కారణాంకం తెలియకుండానే సంయుక్తమని తేల్చడం

ఇది చాలామందికి మింగుడుపడని విషయం. "ప్రధానం కాదంటే ఏది భాగిస్తుందో చూపించాలి కదా?" అని అడుగుతారు. చూపించనక్కర్లేదు.

ప్రధాన సంఖ్య ఏదైనా సరే, అది భాగించని ఏ సంఖ్యనైనా దాని కన్నా ఒకటి తక్కువ ఘాతానికి ఎక్కిస్తే శేషం 1 రావాలి. 7తో చూడండి: 3⁶ = 729 = 7 × 104 + 1. ఇదే పరీక్షను మన సంఖ్యకు పెడదాం. 3ను 2³² ఘాతానికి ఎక్కించాలి. 429 కోట్ల సార్లు గుణించనక్కర్లేదు, ముప్పై రెండుసార్లు వర్గం చేస్తే చాలు. ప్రతిసారీ మన సంఖ్యతో భాగించి శేషం మాత్రమే ఉంచుకోవాలి: 3, 9, 81, 6561, 4,30,46,721, ఆ తర్వాత 379,32,01,458. అలా సాగితే ముప్పై ఒకటో మెట్టులో 1,03,24,303, ముప్పై రెండో మెట్టులో 302,90,26,160. రావలసింది 1. రాలేదు, కాబట్టి ప్రధానం కాదు. ఎక్కడా 641 పేరు ఎత్తలేదు.

3 బదులు 2తో పరీక్షిస్తే మాత్రం మోసపోతాం. 2³²కు శేషం −1, 2⁶⁴కు 1, అక్కడి నుంచి ఎన్నిసార్లు వర్గం చేసినా 1. ప్రధానం కాని సంఖ్య ప్రధానంలా నటించి తప్పించుకుంటుంది. అందుకే ఒకే ఆధారంతో, అంటే ఘాతానికి ఎక్కించే 2, 3 లాంటి ఒక్క సంఖ్యతో, తీర్పు చెప్పకూడదు. ఈ పరీక్షకు పదునుపెట్టిన మిల్లర్–రాబిన్ పద్ధతిలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒక్కో ఆధారంతో సంయుక్త సంఖ్య తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు. ఇరవై ఆధారాలు వాడితే అది లక్ష కోట్లలో ఒకటి కన్నా తక్కువ. ఇంజినీర్లకు అది చాలు. గణితజ్ఞుల్లో చాలామంది దాన్ని నమ్మకం అంటారు గానీ ఋజువు అనరు. ఇద్దరి మాటా వారి వారి పనికి తగ్గదే. సందేహానికి తావులేకుండా, సంఖ్య పొడవుతో పోలిస్తే అదుపులో ఉండే సమయంలో ప్రధానమో కాదో తేల్చే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. ఆ పద్ధతి కూడా కారణాంకాలను బయటపెట్టదు.

ఈ రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరముందో చూడాలంటే ఫెర్మా వరుసలోనే ముందుకు వెళ్లాలి. 2⁶⁴ + 1ని లాండ్రీ 1880లో విడగొట్టాడు: 2,74,177 × 67280421310721. ఘాతాంకాన్ని రెట్టింపు చేస్తూ ఇంకా పైకి వెళితే, ఘాతాంకం 2²⁴ అయిన చోట 50 లక్షలకు పైగా అంకెలున్న సంఖ్య ఒకటి ఉంది. అది సంయుక్తమని 1999లో లెక్కించి తేల్చారు. దాని ఒక్క కారణాంకం కూడా ఇప్పటికీ దొరకలేదు.

ఫోనులో బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు రక్షణగా నిలిచే ఆర్‌ఎస్‌ఏ తాళం ఈ దూరం మీదే ఆధారపడి ఉంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను కనుక్కోవడం సులభం, గుణించడం ఇంకా సులభం, లబ్ధం నుంచి వాటిని రాబట్టడం కష్టం. ఇప్పుడు మామూలుగా వాడే లబ్ధానికి 617 అంకెలు ఉంటాయి. బహిరంగ సవాలుగా పెట్టిన 250 అంకెల సంఖ్యను 2020లో విడగొట్టగలిగారు. క్వాంటమ్ కంప్యూటర్లు పెద్దవైతే ఈ తాళం విడిపోతుందని 1994లో షోర్ చూపిన పద్ధతి చెబుతోంది. అంత పెద్ద యంత్రం ఎప్పటికి వస్తుందన్న దానిమీద నిపుణులకు ఏకాభిప్రాయం లేదు. ఆ తాళంలో మామూలుగా వాడే ఘాతాంకం 65537, ఫెర్మా వరుసలో ఐదోది.

ఐదుతో ఆగిపోయిందా?

ఫెర్మా వరుసలో ఇప్పటిదాకా తెలిసిన ప్రధాన సంఖ్యలు ఆ మొదటి ఐదే. ఇంకా లేవని ఎక్కువమంది అనుకోవడానికి ఒక లెక్క ఉంది. 429 కోట్ల దరిదాపుల్లో సుమారు 22 సంఖ్యలకు ఒకటి ప్రధానం. ఘాతాంకం రెట్టింపైన ప్రతిసారీ ఆ అవకాశం సగానికి పడిపోతుంది. అరలు, పావులు, అరపావులు కూడుతూ పోతే మొత్తం ఒక హద్దు దాటదు. కాబట్టి ఇక దొరికే ఆశ తక్కువ. దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే: ఇవి గుంపులోంచి తీసిన మామూలు సంఖ్యలు కావు, వీటి భాజకాలు ప్రత్యేక రూపంలోనే ఉండాలి, కాబట్టి ఆ అంచనా వీటికి అలాగే వర్తించదు. ఋజువు ఏ వైపూ లేదు. ఈ వరుసలో సంయుక్తాలు అనంతంగా ఉన్నాయా అన్నది కూడా తేలలేదు.

ప్రధానమో కాదో తెలియని వాటిలో అతి చిన్నది ఘాతాంకం 2³³ అయినది. దానికి సుమారు 258 కోట్ల అంకెలు. 2024 అక్టోబరులో ప్రకటించిన, అప్పటికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1కి ఉన్నవి 4,10,24,320 అంకెలు. పోల్చి చూడండి.

చదరంగం గళ్లలో మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు అనే కథ కూడా మన సంఖ్యతో ముడిపడి ఉంది. సగం పలక, అంటే 32 గళ్లు, నిండేసరికి గింజలు 2³² − 1. దాన్ని 2³² + 1తో గుణిస్తే పలక మొత్తం గింజలు. అందువల్ల ఆ రాజు గింజలను 641 సమాన కుప్పలుగా పోయించగలడు. ఇక ఆ సగం పలక గింజలు, 429,49,67,295, సరిగ్గా 3 × 5 × 17 × 257 × 65537. ఫెర్మా ప్రధానాలు ఐదూ ఒక్కొక్కసారి.

మళ్లీ ఆ ప్రశ్న

2³²ని క అనుకోండి. 2⁹⁶ అంటే క³. అప్పుడు 2⁹⁶ + 1 = క³ + 1 = (క + 1)(క² − క + 1). క + 1ని ఏది భాగించినా అది మొత్తాన్నీ భాగిస్తుంది. సమాధానానికి కావలసింది ఇంతే. 641 అవసరం లేదు, ప్రధానమో కాదో కూడా అవసరం లేదు. మిగిలిన మూడు సమాధానాలను 641తో ఒరపెట్టి చూడవచ్చు: 65537 ప్రధాన సంఖ్య, 65,535 అంటే 3 × 5 × 17 × 257, 7 × 2²³లో 7, 2 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేదు. ప్రశ్నలో చిన్న లోపమూ ఉంది. ఆ పూర్ణాంకం 1 అయితే నాలుగూ సరైనవే. "ఏ భాజకం తీసుకున్నా" అని రాసి ఉంటే బాగుండేది.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి నోటుబుక్కులో 641 × 67,00,417 అని రాసుకుని, దాని పక్కన రెండో బ్రాకెట్టును లెక్కించింది: 2⁶⁴ − 2³² + 1 = 18446744069414584321. "సార్, మరి ఇది?" అని అడిగింది.

అది ప్రధాన సంఖ్య. ఈసారి 3తో మొదలుపెట్టి భాగిస్తూ పోవద్దని చెప్పాను. దాని కన్నా ఒకటి తక్కువైనది 2³² × (2³² − 1). అంటే 2³²తో పాటు 3, 5, 17, 257, 65537. ఒకటి తక్కువైన దాని ప్రధాన కారణాంకాలన్నీ చేతిలో ఉంటే ప్రధానత్వాన్ని పూర్తిగా ఋజువు చేసే దారి లూకా చూపించాడు. ఒక ఆధారం తీసుకోవాలి. దాన్ని ఆ ఒకటి తక్కువైన సంఖ్య అంత ఘాతానికి ఎక్కిస్తే శేషం 1 రావాలి. ఆ ఘాతాన్ని 2, 3, 5, 17, 257, 65537లతో విడివిడిగా భాగించి ఎక్కిస్తే ఒక్కసారి కూడా 1 రాకూడదు. మొత్తం ఏడు లెక్కలు. ఆధారంగా 7 పనికొస్తుంది.